గసాలు అద్దిన బిళ్ళలు

మా చెల్లె సరోజ కొడుకు వినోద్ మొదటిసారి దుబాయికి పోతున్నాడని తెలిసి, బయలుదేరే ముందు రోజు నేను కోరుట్లకు వెళ్ళాను. దూరం పోయేవాడి తలమీద చెయ్యి వేసి రావడం మా ఇంట్లో పెద్దవాళ్ళ పని, ఇప్పుడు ఆ పెద్దరికం నా నెత్తిన పడింది. బస్సు దిగి, షేరింగ్ ఆటోలో నలిగి, వాళ్ళింటికి చేరేసరికి ఎండ చల్లబడుతోంది. గడప దగ్గరే వాసన తగిలింది. పేలాల పిండి, దంచిన నువ్వులు, నెయ్యిలో కలిసిన బెల్లం. చెప్పులు విడుస్తూనే నోరూరింది. "బిళ్ళలు చేసినవా శిరీషా?" అని బయటి నుంచే కేకేశాను. వినోద్ భార్య శిరీష వంటింట్లోంచి "చేసిన పెద్దత్తమ్మా, చూద్దురు రాండ్రి" అంది. ఆ గొంతులో చిన్న గర్వం వినిపించింది. పిల్ల మంచి పనిమంతురాలే, గర్వపడనివ్వు అనుకుంటూ లోపలికి వెళ్ళాను. పెద్ద స్టీలు పళ్ళెంలో బిళ్ళలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎంత ముద్దుగా ఉందో. ప్రతి బిళ్ళ మీదా సన్నగా, తెల్లగా గసగసాలు అద్ది ఉన్నాయి.

నేను అరిచానట. నేను అరిచినట్టు నాకు తెలియదు, కానీ తొట్లెలో శిరీష పసివాడు లేచి ఏడవడం, ముందు గదిలోంచి సరోజ మోకాళ్ళ నొప్పులు కూడా మరిచి పరుగెత్తుకు రావడం గుర్తుంది. అక్కడే పీట మీద కూలబడ్డాను. "గసాలు ఎవరు అద్దుమన్నరే?" అని అడిగాను. శిరీష బిత్తరపోయింది. "ఫోన్ల వీడియో చూసిన పెద్దత్తమ్మా. గసాలు అద్దుకుంటే అందముంటదని చెప్పింది ఆమె. ఏమైంది, పాడైనయా?" అంది. "పెట్టెల పెట్టినవా?" అన్నాను. పెట్టింది. సగం బిళ్ళలు అప్పటికే డబ్బాకు ఎక్కి, డబ్బా అట్టపెట్టెలోకి ఎక్కి, అట్టపెట్టెకు టేపు చుట్టి, తాడు కట్టి, దాని మీద వినోద్ పేరు పెద్దపెద్ద అక్షరాలతో రాసి, తలుపు పక్కన తయారుగా ఉంది.

విప్పమన్నాను. వినోద్ నవ్వాడు. "పెద్దమ్మా, పొద్దటి సంది కట్టుడే సరిపోయింది. గసాలకేమైతది? ఇంట్ల మటన్ల ఏసుకునేటియే గదా" అన్నాడు. "గవే గసాలు పట్టుకపోతే గక్కడ జైల్ల ఏస్తరు బిడ్డా" అన్నాను. వాడు నమ్మలేదు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును కదా, బల్లి మీద పడితే ఊరంతా లేపే పిరికిదాన్నని. అయినా నా మొహం చూసి ఫోన్ తీశాడు. వేలితో పైకీ కిందికీ జరుపుతూ చదివాడు. చదువుతూ చదువుతూ నవ్వడం మానేశాడు. లేచి వంటింట్లోంచి కత్తి తెచ్చి తాడు కోయడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ చెబితే కదలనివాడు ఫోను చెబితే కదిలాడని నాకు కోపం రావలసింది. కానీ అప్పుడు నాలో కోపానికి జాగా లేదు. ఉన్నదంతా భయమే, అదీ పాతది. సరోజ మాత్రం నా పక్కన నిలబడి, "నాకు తెల్వక అడుగుత అక్కా, మన ఇంట్ల బిళ్ళలకు గసాలు ఎన్నడన్న ఉన్నయా? అమ్మ ఎన్నడు అద్దలే గదా" అంది. అది అప్పుడు చంకలో పిల్ల. దానికేం గుర్తు.

ఉన్నాయి. మొదట్లో మా అమ్మమ్మ చేతి బిళ్ళల్లో గసాలు లేనిది ఒక్కటీ లేదు. అమ్మమ్మది జగిత్యాల దగ్గర బీర్పూర్. మా బాపు దుబాయి పోయినప్పుడు, సిరిసిల్లలో అమ్మ ఇద్దరు ఆడపిల్లలతో ఒక్కతే ఉందని మూటాముల్లె సర్దుకుని మాతో ఉండటానికి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ మా ఇంట్లో ఏ వస్తువూ తన చోట తాను ఉండలేదు. ఆమెకు చేతులు ఆడాలంటే నోరు ఆడాలి. ఉప్పును తిట్టేది, జల్లెడను తిట్టేది, గట్టిగా ఉన్న బెల్లాన్ని పేరు పెట్టి తిట్టేది. సిరిసిల్లలో దొరికే గసాలు ఆమె దృష్టిలో గసాలే కాదు, దుమ్ము. జగిత్యాలలో ఆమెకు తెలిసిన ఒక దుకాణం ఉండేది. ఊరికి వెళ్ళి వచ్చినప్పుడల్లా అక్కడ కొన్న గసాలు కొంగుకు ముడివేసుకుని, బస్సులో ఆ ముడిని గుప్పిట్లో పట్టుకుని కూర్చునేది. బంగారం పోయినా అంత ఏడ్చేది కాదేమో.

బిళ్ళలు చేయడం పెద్ద విద్యేమీ కాదు. మక్కలు, అంటే మొక్కజొన్నలు, పేలాలు పట్టించి తెచ్చేవాళ్ళం. వాటిని ఇసుర్రాయిలో విసిరి, జల్లించి, మెత్తటి పిండి తీయాలి. అక్కడి నుంచి పొయ్యితో పని లేదు. తురిమిన బెల్లం, దంచిన నువ్వులు, రెండు ఇలాచీలు, కాచి చల్లార్చిన నెయ్యి. పళ్ళెంలో వేసి అరచేతి అడుగుతో రుద్ది రుద్ది కలిపితే, బెల్లం తడికి, నెయ్యికి పిండి దానంతట అదే ముద్దకు వస్తుంది. చిన్న చిన్న ఉండలు చేసి, అరచేతిలో నొక్కి, కండె అడుగుతో ఒక్క ఒత్తు ఒత్తేది అమ్మమ్మ. కండె అంటే నేతలో నూలు చుట్టే కర్ర. నేసేవాళ్ళ ఇల్లు కదా, కండెలకు కొదువ లేదు. కడిగి ఎండబెట్టిన కండె ఒకటి బిళ్ళల కోసమే వేరుగా ఉండేది. ఆ ఒత్తుకు బిళ్ళ మీద గుండ్రటి ముద్ర పడేది. తరువాత ఆ ముద్ర ఉన్న వైపును గసాల పళ్ళెంలో అద్ది తీసేది. నేను, అమ్మ వాటిని బట్ట మీద పరిచేవాళ్ళం. నెల రోజులున్నా పాడు కావు, పెట్టెలో నలిగి పొడి అయినా ఆ పొడే తినవచ్చు. అందుకే దూరం పోయేవాళ్ళకు అవే కట్టేవాళ్ళం.

మా బాపు సాంచాలు నడిపేవాడు. బయటివాళ్ళు పవర్‌లూమ్ అంటారు, సిరిసిల్లలో అది సాంచా. మా గోడకు అవతలే సాంచాల కార్ఖానా. పగలూ రాత్రీ ఆ చప్పుడే. చుట్టాలు వస్తే చెవులు మూసుకునేవాళ్ళు, మాకు మాత్రం కరెంటు పోయి చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. సాంచాల మీద ఇల్లు గడవక బాపు దుబాయి పోయాడు. అక్కడి నుంచి ఉత్తరాలు తక్కువ, క్యాసెట్లు ఎక్కువ. బాపుకు రాయడం కష్టం, మాట్లాడటం ఇష్టం. సెలవు మీద వచ్చేవాళ్ళ చేత టేపు రికార్డరులో పట్టిన క్యాసెట్ పంపేవాడు. మేమంతా చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. ఒక క్యాసెట్‌లో బాపు అందరి మంచిచెడూ అడిగాడు. వెనక ఎవరో దగ్గడం వినిపించింది. తరువాత, "అంత మంచిగనే ఉంది. నిద్ర ఒక్కటే పడ్తలేదు. ఇక్కడ సాంచాల సప్పుడు లేదు గదా, చెవులు ఊకె దాన్నే దేవులాడుతున్నయ్" అన్నాడు. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. అమ్మమ్మ మాత్రం లేచి కొంగు దులుపుకుని, "గసాలు తింటే నిద్ర పడ్తది. నా అల్లునికి నేను పండపెడ్త సూడు" అని జగిత్యాల బస్సెక్కింది.

ఆసారి బిళ్ళలకు గసాలు పైన అద్దడమే కాదు, లోపల పిండిలో కూడా గుప్పిళ్ళతో కలిపింది. అమ్మ "ఇగ సాలుగదే" అంటున్నా వినలేదు. తీసుకుపోయే మనిషి తయారుగా ఉన్నాడు. బాపుతో ఒకే గదిలో ఉండే రాజన్న, కోరుట్ల ఆయన, సెలవు మీద వచ్చి మళ్ళీ పోతున్నాడు. అప్పట్లో ఒక మనిషి దుబాయి పోతున్నాడంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరెవరి మనుషులు అక్కడ ఉన్నారో ఆ ఇళ్ళ నుంచి పొట్లాలు వచ్చి పడేవి. తొక్కు, కారం, సకినాలు. కాదనడం ఉండదు. పొట్లంలో ఏముందని అడగడం కూడా మర్యాద కాదు. ఎవరి పొట్లం వాళ్ళు బట్టలో పెట్టి కుట్టి, పైన పేరు రాసి ఇవ్వాలి. తీసుకుపోయేవాడు ఆ కుట్టు విప్పకుండా అక్కడ అప్పగించాలి. పరాయి పొట్లం విప్పినవాడికి మళ్ళీ నలుగురిలో మాట ఉండేది కాదు. తొక్కు, బట్టలు వేరే సంచీలో పెట్టి, బిళ్ళల పొట్లం అమ్మ తెల్ల బట్టలో కుట్టింది. బడికి పోయేదాన్ని నేనే కాబట్టి పైన బాపు పేరు నాతో రాయించారు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, దూరం నుంచి కనిపించేంత పెద్దగా రాశాను. అమ్మ, నేను వేములవాడ మీదుగా కోరుట్లకు పోయి దాన్ని రాజన్న చేతికి ఇచ్చి వచ్చాం. ఆయన భార్య గంగ నాకు కొత్త గాజులు చూపించింది. రాజన్న రేపో ఎల్లుండో బొంబాయి బస్సెక్కుతానన్నాడు. అప్పుడు విమానాలన్నీ బొంబాయి నుంచే.

నాలుగైదు రోజులకు మిగిలిన బిళ్ళలు చుట్టుపక్కల ఇళ్ళకు పంచాం. మా పక్కింటి సాయిలు మామ సౌదీలో చాలా ఏళ్ళు చేసి వచ్చేసినవాడు. అరుగు మీద కూర్చుని ఉంటే అమ్మ చిన్న పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆయన ఒక బిళ్ళ తీసుకుని నోటి దాకా తెచ్చి, ఆపి, వెలుతురులోకి తిప్పి చూశాడు. గోటితో గీకి చూశాడు. "గివి గసాలేనా? బావకు గూడ గివే పంపిన్రా ఏంది?" అన్నాడు. అమ్మ సంతోషంగా, "అవ్, లోపట గూడ ఏసింది మా అమ్మ" అంది. సాయిలు మామ బిళ్ళను పళ్ళెంలో పెట్టేశాడు. "గక్కడ గసాలంటే మత్తుమందు లెక్క. పట్టుకుంటే ఏండ్లకేండ్లు జైలు. మా క్యాంపుల ముస్తాబాద్ పిలగాడొకడు మసాలాల గసాలు కలుపుకొని అచ్చిండు. విమానం దిగిన కాడ్నే పట్టుకపోయిన్రు, మళ్ల మేము ఆని మొఖం సూడలే" అన్నాడు. అమ్మ మొదట నవ్వింది. పరాచికం అనుకుంది. ఆయన నవ్వలేదు.

ఆ తరువాత మా ఇంట్లో జరిగింది నేను ఏనాడూ సరిగా చెప్పలేకపోయాను. ఎవరూ అరవలేదు. అమ్మ తలుపు దగ్గరకు వేసింది, అంతే. ఉప్పునూ బెల్లాన్నీ తిట్టే అమ్మమ్మ మూలకు కూర్చుని తన రెండు అరచేతులూ చూసుకుంటోంది. నాకు రాజన్న గుర్తు రాలేదు. తెల్ల బట్ట మీద నేను రాసిన బాపు పేరే కళ్ళ ముందు ఆడింది. పోలీసులు పొట్లం విప్పితే ఎవరిదని అడగనక్కరలేదు, అంత పెద్దగా రాశాను, రెండు భాషల్లో. దాన్ని చదివి బాపు గదికి వస్తారు. నిద్ర పట్టక మేలుకుని ఉన్న మనిషిని తీసుకుపోతారు. భయం అంటే అంతకుముందు నాకు చీకటి, కుక్కలు, లెక్కల మాష్టారు. ఇది వేరే జాతిది. దీనికి ముఖం లేదు, పారిపోవడానికి దిక్కు లేదు.

మిగిలిన ఆశ ఒక్కటే. రాజన్న ఇంకా బొంబాయిలో ఉండవచ్చు. టికెట్ చేతికి వచ్చేదాకా ఏజెంట్లు మనుషులను అక్కడ లాడ్జీలో కూర్చోబెట్టేవాళ్ళు. తెల్లవారగానే ముగ్గురం, సరోజను అమ్మ చంకనేసుకుని, కోరుట్ల బస్సెక్కాం. దారిలో బస్సు ఎక్కడ ఆగినా అమ్మ డ్రైవరు వైపు చూసేది, ఆయన కావాలని ఆపుతున్నట్టు. గంగ ఇంటికి చేరేసరికి ఆమె వాకిలి ఊడుస్తోంది. మమ్మల్ని చూసి ముఖం విప్పార్చుకుంది. "గీ వారంల్నే గద అచ్చి పోయినవ్ అక్కా, మళ్ల అచ్చినవ్, కూసో, చాయ పెడ్త" అని లోపలికి పోబోయింది. చాయ తాగి, మెల్లగా బొంబాయి నంబరు అడిగి, ఏదో వంక చెప్పి బయటపడదామని బస్సులో అనుకుని వచ్చింది అమ్మ. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అమ్మమ్మ వాకిట్లోనే నిలబడి చెప్పేసింది. "బిడ్డా, చాయ పెట్టకు. నీ మొగని చేతుల నేను నిప్పు పెట్టిన" అని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా అంతా చెప్పింది.

గంగ చీపురు కింద పెట్టలేదు. పట్టుకునే వింది. వినేసి, "నా మొగనికి జైలా?" అంది, నమ్మకం లేనట్టు, నెమ్మదిగా. తరువాత ఒక్కసారిగా ఇంట్లోకి పోయి లాడ్జీ నంబరు రాసి ఉన్న చిట్టీ తెచ్చింది. అందరం బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతుకు పరుగెత్తాం. లాడ్జీవాడు హిందీలో మాట్లాడుతున్నాడు. మాలో ఎవరికీ హిందీ రాదు. బూతు నడిపే జానీ భాయ్ ఫోను అందుకుని మా తరఫున మాట్లాడాడు. ఆయన ముఖంలోకి మేం ఎట్లా చూశామో ఆయనకే తెలియాలి. ఫోను పెట్టేసి, "ఖాళీ చేసి పోయిన్రట అమ్మా. గిప్పుడే, పొద్దుగాల" అన్నాడు. పొద్దుగాల అంటే మేం బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు. అద్దాల బూతులో గాలి ఆడలేదు. గంగ అమ్మ వైపు తిరిగి, తిట్టినట్టు కాదు, అడిగినట్టే అంది. "పట్టుకున్నంక ఎవలదని అడిగితే మా ఆయన బావ పేరు చెప్పాలె గదా అక్కా. చెప్పకుంటే ఈయన ఒక్కడే పాయె గదా." అమ్మ ఆ రోజుల్లో దేవుడికి ఏమని మొక్కుకుందో చాలా ఏళ్ళ తరువాత నాతో చెప్పింది. రాజన్న పట్టుబడినా సరే, మా బాపు పేరు మాత్రం చెప్పవద్దని మొక్కుకుందట. చెబుతూ ఏడ్చింది. నేను అమ్మను తప్పు పట్టలేదు. నేనూ అదే మొక్కుకున్నాను.

అమ్మమ్మ మొక్కు మాత్రం వేరు. "ఇద్దరి పేర్లు ఒద్దు. చేసింది నేను. నా పేరు చెప్పుమను. నన్ను పట్టుకపోండ్రి, ముసలిదాన్ని, నాకేందట" అని జానీ భాయ్ ముందు చేతులు జోడించింది, ఆయన చేతిలో ఏదో ఉన్నట్టు. మేం సిరిసిల్ల తిరుగు బస్సుకు లేచినప్పుడు ఆమె లేవలేదు. గంగ గడప మీద కూర్చుండిపోయింది. "ఈ పిల్లను ఇట్ల ఇడిసిపెట్టి నేను రాను. వార్త అచ్చేదాక గిక్కడ్నే ఉంట" అంది. గంగ వద్దనలేదు, ఉండుమని కూడా అనలేదు. అప్పటి నుంచి ఇల్లు ఊడవడం, బోళ్ళు తోమడం, ఆ ఇంట్లో ఉన్న గేదెకు గడ్డి వేయడం అన్నీ అమ్మమ్మే చేసిందట. మొదట్లో గంగ ఆమెతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టేది.

సిరిసిల్లలో మాకు రోజులు గడవలేదు. వీధిలో జీపు చప్పుడైతే అమ్మ చేతిలో పని జారేది. పోస్టుమ్యాన్ సైకిల్ మా ఇంటి ముందు నెమ్మదించినా భయమే, ఆగకుండా పోయినా భయమే. బడిలో ఎవరైనా "మీ బాపు దుబాయిల ఏం చేస్తడు?" అని అడిగితే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఎవరికీ చెప్పవద్దని అమ్మ కట్టడి చేసింది. సాయిలు మామ కూడా చెప్పలేదు, పాపం, ఎదురుపడితే తలవంచుకునేవాడు, తెలిసినందుకు తప్పు తనదే అయినట్టు. పాత క్యాసెట్ ఒక్కటి ఇంట్లో ఉంది. అమ్మ దాన్ని పెట్టనిచ్చేది కాదు. బాపు గొంతు వింటే, ఆ గొంతు ఇక అంతే అవుతుందేమోనని ఆమె భయం. ఇంట్లో మిగిలిన గసాలు అమ్మ మోరీలో పోసి నీళ్ళు కుమ్మరించింది. ఆ నీళ్ళు ఎటు పోతాయోనని కూడా భయపడ్డాను నేను, సిరిసిల్ల మోరీలో దుబాయి పోలీసులు చూస్తారన్నట్టు. ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

చివరకు ఒక రోజు కోరుట్ల నుంచి గంగ మరిది వచ్చి, క్యాసెట్ వచ్చిందని, అమ్మమ్మ మమ్మల్ని తీసుకురమ్మన్నదని చెప్పాడు. ఏముందో వినలేదట. మేం వచ్చేదాకా పెట్టవద్దని గంగే ఆపిందట. గంగ ఇంట్లో చాప మీద టేపు రికార్డరు, దాని ముందు క్యాసెట్, చుట్టూ మేం. మీట నొక్కడానికి ఒక్కరి చెయ్యీ లేవలేదు. అమ్మమ్మే నొక్కింది. గరగరమని కాసేపు వట్టి చప్పుడు. తరువాత బాపు గొంతు. అమ్మ నా భుజం పట్టుకుంది, వేళ్ళు దిగబడేలా. బాపు కోపంగా ఉన్నాడు. తొక్కు అందిందట, బట్టలు అందాయట. "మా అత్తమ్మ చేసిన బిళ్ళలు మాత్రం ఒక్కటి గూడ నా నోటికి రాలే. బొంబాయిల ఈ రాజన్న పొట్లం ఇప్పి మొత్తం పంచిపెట్టిండట. పేరు రాసిన పొట్లం ఎట్ల ఇప్పుతడు మనిషన్నోడు? నేను ఈనితోని మాట్లాడుతలేను" అన్నాడు. వెనక నుంచి రాజన్న గొంతు, దగ్గరకొస్తూ, బతిమాలుతూ, "వదినె, తప్పయింది. టికెట్లు రాక లాడ్జీల మన జగిత్యాల పోరగాండ్లు కొత్తోళ్ళు ఉన్నరు, భయానికి పండుకుంటలేరు, తింటలేరు. నా చేతుల ఉన్నది గదొక్కటే. ఇప్పిన. తిన్నోళ్ళు తిన్నట్టే పండుకున్నరు వదినె. అవ్వకు చెప్పు, నన్ను తిట్టొద్దను" అన్నాడు.

బాపు ఇంకా రాజన్నను దులిపేస్తూనే ఉన్నాడు, రాజన్న ఇంకా బతిమాలుకుంటూనే ఉన్నాడు. తామిద్దరూ దేన్ని దాటి వచ్చారో ఇద్దరికీ తెలియదు. మొదట గంగ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అమ్మ మీదకు వాలి ఏడ్చింది. అమ్మమ్మ టేపు రికార్డరుకు చేతులెత్తి మొక్కి, "తిననీ బిడ్డా, తిననీ, నీ కడుపు సల్లగుండ" అంటోంది, రాజన్న ఎదురుగా ఉన్నట్టు. జైలు తప్పిందన్న సంతోషం నాకు మెల్లగా, చాలాసేపటికి ఎక్కింది. అమ్మమ్మ ఆ రోజు మాతో సిరిసిల్లకు వచ్చేసింది. ఆ తరువాత ఆమె చేతులతో గసాలు ముట్టలేదు. ఇంట్లో తినడానికి చేసినా, పండుగకు చేసినా, బిళ్ళ మీద కండె ముద్ర మాత్రమే ఉండేది. అమ్మ కూడా అట్లాగే చేసింది. సరోజ అమ్మ దగ్గర అదే నేర్చుకుంది. మా ఇంటి బిళ్ళలు మొదటి నుంచీ అంతేననుకుంది.

ఇదంతా వినోద్ పెట్టె విప్పుతుంటే చెప్పాను. వాడు మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. బట్టలన్నీ బయటికి తీసి దులిపారు. డబ్బా కడిగారు. నేను తృప్తిపడక సంచీ మూలలు కూడా తడి గుడ్డతో తుడిపించాను. శిరీష కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ పిండి కలిపి, గసాలు లేని బిళ్ళలు చేసింది. వేకువనే కారు వచ్చింది. వినోద్ వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు ఆగిపోయాను. ఆ కాలానికీ ఈ కాలానికీ ఎంత తేడా ఉందో చూడండి. మేం వారాల తరబడి క్యాసెట్ కోసం చూశాం, వీళ్ళకు విమానం ఎక్కడుందో కూడా ఫోనులో చుక్కలాగా కనిపిస్తుంది. అయినా శిరీష ఆ చుక్కను చూసిన చూపు, మా అమ్మ పోస్టుమ్యాన్ సైకిల్‌ను చూసిన చూపు ఒకటే. అన్నం కలుపుకుంది, తినలేదు. పిల్లవాడికి పాలు పడుతూ కూడా చూపు ఫోను మీదే. గసాలు అద్దిన బిళ్ళల పళ్ళెం వంటింటి అల్మారా మీద అట్లాగే ఉంది. పారేయడానికి ఎవరికీ మనసు రాలేదు, ముట్టుకోవడానికి ధైర్యం రాలేదు.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. మెసేజ్. శిరీష పైకి చదివింది. "దిగిన. పెట్టె మొత్తం ఇప్పిచ్చిన్రు. బిళ్ళలు ఇరగ్గొట్టి వాసన చూసిన్రు. మళ్ల కట్టుకొమ్మన్నరు. పెద్దమ్మకు చెప్పు." చదివి, ఫోను ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. సరోజ దేవుడి గూడు వైపు తిరిగి దండం పెట్టుకుంది. ఇరగ్గొట్టి చూశారు. వాసన చూశారు. అన్నేళ్ళ కిందటి తెల్ల పొట్లాన్ని ఎవరో ఇప్పుడు విప్పి, చూసి, మూసినట్టు అనిపించింది.

కాసేపటికి శిరీష లేచి ఆ పళ్ళెం దించి తెచ్చింది. "నిన్నటి సంది కన్ను మూయలే పెద్దత్తమ్మా. నిజంగ గివి తింటే నిద్ర పడ్తదా?" అని అడిగింది.

"మా అమ్మమ్మ అట్లనే అనేది."

"పడకుంటే?"

"ఇంకోటి తిను" అన్నాను.

ఆమె ఒకటి తీసుకుంది. నేనూ ఒకటి తీసుకున్నాను. అమ్మమ్మ చేతి గసాల బిళ్ళ తరువాత, గసాలు నా నాలుకకు తగలడం మళ్ళీ అప్పుడే.